మూడో రౌడీ గురునాథం

గురునాథం ఎర్ర దీపం ఉండగా రోడ్డు దాటడు. వాన పడుతున్నా, రెండువైపులా కనుచూపు మేర ఒక్క బండి లేకపోయినా, సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన ముసలావిడ పక్కనుంచి కూరగాయల సంచీ ఊపుకుంటూ దాటిపోయినా, ఆయన మాత్రం పచ్చబొమ్మ నడవడం మొదలుపెట్టేదాకా కదలడు. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పడేసి బల్లని చోప్ చేసుకోవడం, అంటే ముందే ఆపి పెట్టుకోవడం కూడా ఆయనకి మనస్కరించదు. ఎవరిదో ఏమో అని పళ్లెం పట్టుకుని నిలబడతాడు, ఒక్కోసారి నిలబడే తినేస్తాడు. అలాంటి మనిషిని, ఆయన పదకొండేళ్లుగా పనిచేస్తున్న బ్యాంకే, ఆగస్టులో ఒక మంగళవారం లండన్ దొంగల ముఠా సభ్యుడిగా తేల్చింది. తేల్చిన పద్ధతి ఆయన కనిపెట్టిందే.

ఆ పద్ధతి సంగతి ముందు చెప్పాలి. చాంగీ బిజినెస్ పార్కులో ఆ బ్యాంకు వెనక ఆఫీసు ఒకటుంది. ఖాతా తెరవడానికి వచ్చే ప్రతి పేరునీ లోకంలోని చెడ్డవాళ్ల జాబితాతో పోల్చి చూడడం అక్కడ గురునాథం బృందం పని. పోలిక కనపడితే కంప్యూటరు చూపిస్తుంది. మనిషి రెండు మీటల్లో ఒకటి నొక్కాలి: 'అతనే', లేదా 'అతను కాదు'. వెనకటికి పిల్లలు ఒక్కో పేరు మీద రోజంతా తర్జనభర్జన పడేవాళ్లు. మూడేళ్ల కిందట గురునాథం దానికో మందు వేశాడు. పూర్తి పేరూ పుట్టిన తేదీ రెండూ కలిస్తే ఇక చర్చ లేదు, గంటలోగా 'అతనే' నొక్కాలి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాడు కనక, ఇద్దరు వేర్వేరు మనుషులకి పేరూ తేదీ రెండూ కలిసే అవకాశం ఎన్ని లక్షల్లో ఒకటో గుణించి మరీ చూపించాడు. డిపార్ట్‌మెంట్ హెడ్ మిస్ లిమ్ ఆ కాగితాన్ని లామినేట్ చేయించి గోడకి పెట్టించింది.

గుణకారంలో తప్పు లేదు. కాకపోతే, మనుషులు ఏడాది పొడుగునా సమానంగా పుడతారనుకుంటేనే అది చెల్లుతుంది. మన దగ్గర అలా పుట్టరు. బళ్లో చేర్చే రోజున పుడతారు. రేపల్లెలో గురునాథంతో చదివిన నలభై ఇద్దరిలో ఇరవై తొమ్మిదిమంది జూలై ఒకటో తేదీ వాళ్లే. హెడ్మాస్టరుగారికి ఆ తేదీ మీద అంత ప్రీతి. గురునాథం అసలు పుట్టింది వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజున. సర్టిఫికెట్లో మాత్రం జూలై ఒకటి. ఈ సంగతి ఆయనకి తెలియక కాదు. లెక్క కట్టేటప్పుడు తన క్లాసు గుర్తుకు రాలేదు, అంతే.

ఇక దొంగల సంగతి. పదిహేనేళ్ల కిందట గురునాథం తూర్పు లండన్లో ఎమ్మెస్సీ చదువుతూ, సాయంత్రాలు ఒక గుజరాతీ ఆయన కిరాణా కొట్లో కూచునేవాడు. ఆ పేటలోనే ఒకప్పుడు మిక్ ట్రాన్సమ్ అనే పేరుమోసిన దోపిడీదారు ఉండేవాడట. వాడి కథని సినిమా తీస్తామంటూ నలుగురు కుర్రాళ్లు వచ్చి, రెండు రోజులకి కొట్టు అద్దెకి తీసుకున్నారు. సినిమా పేరు 'ది కింగ్ ఆఫ్ క్యానింగ్ రోడ్'. వాళ్ల పేదరికం చూసి గురునాథానికే జాలేసింది. ఒకటే కారు, కుడివైపు ఎరుపు రంగు, ఎడమవైపు నీలం రంగు. అటునుంచి తీస్తే దొంగల బండి, ఇటునుంచి తీస్తే పోలీసుల బండి. నెత్తురు కొట్లోని టమాటా సాసు. బ్యాంకు దోపిడీని పక్కనున్న బట్టలుతికే దుకాణంలో తీశారు. వాషింగ్ మెషిన్ల మీద దుప్పటి కప్పి లాకర్లన్నారు.

రెండో రోజు మూడో రౌడీ వేషంవాడు రాలేదు. ఎక్కడో డబ్బులిచ్చే పని దొరికిందట. డైరెక్టరు కొట్లో అటూ ఇటూ చూశాడు. గల్లా దగ్గర ఎత్తుగా, గడ్డంతో, నిద్రలేమి కళ్లతో గురునాథం ఉన్నాడు. ఒప్పుకోవడానికి ఒక పూట ఆలోచించాడు. విద్యార్థి వీసా మీద వారానికి ఇరవై గంటలే పని చేయొచ్చు, నటన ఇరవై ఒకటో గంట కింద లెక్కకొస్తుందేమో. అందుకని పైసా కూడా వద్దని, కాగితాల మీద సంతకం పెట్టనని ముందే చెప్పేశాడు. వాళ్లు సంతోషంగా ఒక చిప్స్ ప్యాకెట్ ఇచ్చారు. కోటు మాత్రం రూమ్మేట్ హరికృష్ణది, ఇంటర్వ్యూల కోసం కొనుక్కున్నది.

పోలీసులు ముఠాని పట్టుకుని గోడకి వరసగా నిలబెట్టే సీను. ముగ్గురికీ మూడు పలకలూ సుద్దముక్కలూ ఇచ్చి, పేర్లు రాసుకోమని కళాదర్శకుడు కారు జరపడానికి వెళ్లిపోయాడు, డ్రైవరు కూడా ఆయనే కనక. మొదటివాడు 'నకుల్స్' అని రాసుకున్నాడు. రెండోవాడు 'ఫ్యాట్ ఎడ్డీ' అని రాసుకున్నాడు. గురునాథం చేతికి మాత్రం పలక రాగానే, ఎంసెట్ నుంచి వీసా దాకా నింపిన ఫారాలన్నీ వేళ్లలోకి దిగొచ్చాయి. ఇంటిపేరు ముందు, తర్వాత పూర్తి పేరు, కింద రోజు, నెల, సంవత్సరం. కొల్లిపర వెంకట శేష గురునాథం, ఒకటి ఏడు ఎనభై ఐదు. పెద్దక్షరాలతో, గీత తప్పకుండా రాశాడు.

సినిమా ఏ థియేటరుకీ రాలేదు. డీవీడీలేవో అమ్మారని విన్నాడు. గురునాథం ఈ సంగతి పెళ్లయ్యాక కాత్యాయనికి ఒక్కసారి చెప్పి, తర్వాత మాట్లాడలేదు. కాని గడ్డం గీసుకునే అద్దం ముందు మాత్రం అప్పుడప్పుడూ కుడి కనుబొమ్మ ఒకటి పైకెత్తి చూసుకునేవాడు. ఆ సీన్లో తను అలా ఎత్తాడు. బాగా వచ్చిందని ఆయన నమ్మకం.

ఈ ఏడాది బ్యాంకులో కంప్యూటరుకి, జాబితా కోసం, ఇంటర్నెట్లోని నేరాల కథనాలనీ వాటి బొమ్మల్లోని అక్షరాలనీ కూడా చదవడం నేర్పారు. నేర్పించాలని పట్టుబట్టినవాడు గురునాథమే. ఏటా సిబ్బంది పేర్లు కూడా జాబితాతో పోల్చాలన్న నియమం ఎలాగూ ఉంది. ఆ మంగళవారం ఉదయం చాందిని ఆయన బల్ల దగ్గరికొచ్చి, కూచోకుండా నిలబడింది. కరీంనగర్ పిల్ల, బృందంలో అందరికంటే చిన్నది, అందరికంటే చురుకైనది.

"సార్, ఒకటి వచ్చింది. మీరే చూడాలె."

పాత నేరాల మీద మోజున్న ఎవరో ఇంగ్లీషువాడు మిక్ ట్రాన్సమ్ చరిత్రని వెబ్‌సైట్లో రాసుకున్నాడు. అసలు ఫోటోలు దొరక్క కాబోలు, సినిమాలోని ఆ వరసని పెట్టి, కింద 'అరెస్టు రోజున ట్రాన్సమ్ అనుచరులు' అని రాశాడు. పలక మీది అక్షరాలు చదవడానికి కంప్యూటరు ఏమాత్రం ఇబ్బంది పడలేదు. మిగతా ఇద్దరివీ అది పట్టించుకోలేదు.

గురునాథం ఫోటోని పెద్దది చేసి చూశాడు. అది సినిమా అని చెప్పాడు. చాందిని నమ్మింది. నమ్మి, అక్కడే నిలబడింది.

"నేనేం జేయాలె చెప్పుండ్రి సార్. ఇప్పటికే నలభై నిమిషాలైంది."

గురునాథం గోడ మీద లామినేట్ చేసిన కాగితం వంక చూశాడు. పేరు కలిసింది. తేదీ కలిసింది. పైగా అబద్ధం కూడా కాదు, ఫోటోలో ఉన్నది అతనే. "నొక్కమ్మా," అన్నాడు. చాందిని నొక్కింది.

మధ్యాహ్నానికి లాప్‌టాప్ వెనక్కి తీసుకున్నారు. మిస్ లిమ్ దురుసుగా మాట్లాడలేదు. రెండు వారాలు ఇంట్లో ఉండమంది. ఈలోగా అది సినిమా అని రుజువు తెస్తే కమిటీ చూస్తుంది, లేకపోతే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే పాస్ రద్దవుతుంది, పాస్ రద్దయితే నెల రోజుల్లో దేశం వదలాలి. వాళ్లమ్మాయి ఆమని ఆరో తరగతి. బడి భవిష్యత్తు మొత్తం తేల్చే ఆ పెద్ద పరీక్షకి ఇంకా ఎనిమిది వారాలుంది. చేతిలో ఉన్న ఆరు వారాలకీ పరీక్షకున్న ఎనిమిది వారాలకీ మధ్యనున్న ఆ రెండు వారాల గుంటని గురునాథం ఎక్స్‌పో స్టేషన్ నుంచి యూ టీలో ఇంటిదాకా, గంటన్నర ప్రయాణంలో, ఎన్ని రకాలుగా లెక్క కట్టినా పూడలేదు.

రుజువు ఎక్కడినుంచి తేవాలి? కాగితం మీద సంతకం పెట్టలేదు. డబ్బు పుచ్చుకోలేదు. పుచ్చుకుని ఉంటే రసీదైనా ఉండేది. చట్టాన్ని అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని పాటించడంతో తను చేసిన పనికి ఆనవాలే లేకుండా పోయింది. సినిమా కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇంటర్నెట్లో వెతికితే పోస్టరు ఒకటి దొరికింది, అందులో మిక్ ట్రాన్సమ్ వేషగాడి గుండు తప్ప ఏమీ లేదు. డైరెక్టరు ఇప్పుడు స్పెయిన్లో ఇళ్లు అమ్ముతున్నాడట, జవాబివ్వలేదు.

కాత్యాయని రెండో రోజు రాత్రి భోజనాల దగ్గర ఒక మార్గం చెప్పింది. "ఏమండీ, మీరు నిజంగా పుట్టింది ఆ తేదీన కాదు కదా. అదే చెప్పెయ్యండి. తేదీ కలవలేదంటే మీ రూలే మిమ్మల్ని వదిలేస్తుంది."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమే. కాని నిజం చెబితే పాస్‌పోర్టు తప్పు, పాస్ తప్పు, పెళ్లి సర్టిఫికెట్ తప్పు. దొంగ కాదని నిరూపించుకోవడానికి నలభై ఏళ్లుగా దొంగ తేదీ మీద బతుకుతున్నానని ఒప్పుకోవాలి. వద్దన్నాడు. ఇదంతా వింటున్న ఆమని ప్లేటులోంచి తలెత్తి, "సో నాన్నా, యూ వర్ ఎ గ్యాంగ్‌స్టర్ ఆహ్?" అంది. అడిగిన తీరులో భయం కంటే గౌరవం ఎక్కువగా ఉందని ఆయనకి అనిపించింది. అంతకుముందెప్పుడూ కూతురు ఆయన వంక అలా చూడలేదు.

ఐదో రోజున హరికృష్ణ గుర్తొచ్చాడు. ఇప్పుడు లెస్టర్లో మందుల షాపులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, కథంతా విని, చాలాసేపు నవ్వాడు. తర్వాత, ఆ డీవీడీ తన దగ్గరుందన్నాడు. గురునాథం కోసం కాదట. తన కోటు ఉందని కొనుక్కున్నాడట.

"ఆ సినిమాలో నటించింది నా కోటొక్కటేరా. నువ్వు దాని లోపల ఉన్నావు, అంతే."

కొరియర్లో డీవీడీ పదో రోజుకి వచ్చింది. అట్ట విప్పి చేతిలోకి తీసుకున్నాకగాని, దాన్ని దేంట్లో పెట్టాలన్న ప్రశ్న రాలేదు. ఇంట్లో డీవీడీ ప్లేయరు లేదు. పక్క ఫ్లాట్లో లేదు. బ్యాంకు కంప్యూటర్లు బయటి డిస్కులు ముట్టుకోవు, ఆ నియమం కూడా మంచిదేనని గురునాథమే ఒకప్పుడు మెచ్చుకున్నాడు. తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో కాత్యాయని అడిగితే ఒక్కటే జవాబొచ్చింది. యీషున్లో తారాదేవి ఆంటీ దగ్గర కరోకే మెషిన్ ఉంది, అందులో డీవీడీ ఆడుతుంది.

గురునాథానికి ప్రాణం లేచొచ్చి మళ్లీ కూచుంది. తారాదేవి నలభై ఏళ్ల కిందట పెళ్లై వచ్చిన మనిషి. ఇళ్లకి పచ్చళ్లూ పొడులూ చేసి ఇస్తుంది. పోయినేడు ఆ వ్యాపారానికి ఇదే బ్యాంకులో ఖాతా అడిగితే, హైదరాబాదులో చిట్‌ఫండ్ ముంచేసిన మరో తారాదేవితో పేరూ తేదీ కలిసింది. ఆవిడ హెడ్మాస్టరుగారికీ జూలై ఒకటే ఇష్టం. బ్యాంకు పొమ్మంది. గుళ్లో కనపడినప్పుడు ఆవిడ అడిగితే, రూలు ఆంటీ, నా చేతుల్లో లేదు అన్నాడు గురునాథం. చేతుల్లో లేదనడం ఒక్కటే అందులో అబద్ధం.

యీషున్ వెళ్లాడు. తారాదేవి తలుపు తీసి, ఆయన చెప్పింది మొత్తం గుమ్మంలోనే విని, అప్పుడు లోపలికి పిలిచింది.

"మకాన్ అయ్యిందా, తిన్నావా? కూచో. సో నువ్వు లండన్ దొంగ, నేను హైదరాబాద్ దొంగ. ఐయో, ఒక దొంగ సామాను ఇంకో దొంగ మోసుకెళితే మీ బ్యాంకువాళ్లు లోపలికి రానిస్తారా?"

గురునాథం తల వంచుకుని గోంగూర పచ్చడితో అన్నం తిన్నాడు. ఆవిడ వద్దన్నా వినకుండా రెండోసారి వడ్డించింది. తిట్టేవాళ్ల చేతి అన్నం అంత రుచిగా ఉండడం ఆయనకి న్యాయమనిపించలేదు. వెళ్లేటప్పుడు మెషిన్‌తో పాటు రెండు మైకులూ, వాటి వైర్లూ కూడా సంచీలో పెట్టింది. విడదీస్తే అది పనిచేయదట.

సోమవారం ఉదయం గురునాథం మైకులు బయటికి వేలాడుతున్న సంచీతో రైలెక్కి, సీటు ఖాళీ ఉన్నా కూచోకుండా ఎక్స్‌పో దాకా వెళ్లాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, ఆఫీసులో పార్టీయా అని అడిగాడు. మీటింగ్ గదిలో మిస్ లిమ్, కమిటీ వాళ్లిద్దరు, కేసు చూసింది తనే కనక చాందిని. గురునాథం సీను సినిమాలో ముప్పై ఏడో నిమిషంలో వస్తుందని హరికృష్ణ చెప్పాడు. కాని ఆ మెషిన్‌కి ముందుకి జరిపే మీట ఎప్పుడో ఊడిపోయింది. మొదటినుంచి చూడక తప్పలేదు.

మొదటి పది నిమిషాలు కమిటీ వాళ్లు గడియారం చూసుకున్నారు. కారు రంగు మారినప్పుడు ఒకాయన ముందుకి వంగాడు. దుప్పటి కింద వాషింగ్ మెషిన్ తిరుగుతోందని ఆ రెండో ఆయన కనిపెట్టి, పక్కాయనకి చూపించాడు. ఎవరో కాఫీలు తెప్పించారు. గురునాథానికి మాత్రం కూతురి పరీక్ష హాలు కనపడుతోంది, అందులో ఒక ఖాళీ కుర్చీ.

ముప్పై ఏడో నిమిషం వచ్చింది. గోడ, వరస, పలకలు. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కడి ముందూ ఆగుతూ వచ్చాడు. మొదటివాడు ఉమ్మేశాడు. రెండోవాడు బూతు తిట్టాడు. మూడోవాడు, హరికృష్ణ కోట్లో, కొల్లిపర వెంకట శేష గురునాథం అనే పలకని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. నువ్వేం చేశావురా అని ఇన్‌స్పెక్టరు గర్జించాడు.

"నథింగ్, సార్," అన్నాడు మూడో రౌడీ.

ఆ 'సార్' స్క్రిప్టులో లేదు. వీసా ఆఫీసరుకి చెప్పినట్టు, చేతులు దగ్గరికి పెట్టుకుని, వినయంగా చెప్పాడు. పదమూడు రోజులుగా బ్యాంకుకి చెబుతున్నదీ అదే మాట, అదే గొంతుతో. తెర మీద ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. గదిలో ముందు చాందిని నవ్వాపుకుంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత కమిటీ ఆయన భుజాలు కదిలాయి, చివరికి మిస్ లిమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇతను నేరస్థుడు కాదు లా," అంది తన సింగపూర్ ఇంగ్లీషులో. "నేరస్థుడిలా నటించమన్నా చేతకాలేదు."

చివర్లో పేర్లు పడేదాకా కూచున్నారు. 'మూడో రౌడీ: గురునాథం' అని పడింది. చాందిని దాన్ని ఫోటో తీసి ఫైల్లో పెట్టింది. మధ్యాహ్నం మూడింటికి లాప్‌టాప్ వెనక్కి ఇచ్చారు. కమిటీ తన తీర్మానంలో, పద్ధతి అద్భుతంగా పనిచేసిందనీ, ఫోటోలో ఉన్నది నిజంగా ఉద్యోగేనని తేలిందనీ, దీన్ని రూపొందించిన గురునాథాన్ని అభినందిస్తున్నామనీ రాసింది. రెండు మీటల మధ్య మూడోది ఒకటి, 'అతనే గాని ఏమీ చేయలేదు' లాంటిది పెట్టమని గురునాథం అడిగాడు. పరిశీలించడానికి ఆరు నెలలు పడుతుందన్నారు. అందాకా పేరూ తేదీ కలిసినవాళ్లకి నొక్కేముందు ఒక ఫోన్ చేసి, మనిషి వేరైతే 'అతను కాదు' నొక్కుదామని ఆయనా చాందినీ తమలో తాము అనుకున్నారు. గోడ మీది కాగితంలో అది లేదు. గురునాథం పదకొండేళ్ల ఉద్యోగంలో రూలు దాటడం అదే మొదలు.

రైల్లో కూచున్నాక, రెండు వారాల గుంట పూడిపోయిందని మనసుకి ఎక్కింది. కాత్యాయనికి మెసేజ్ పెట్టాడు. ఆమని నుంచి జవాబుగా తుపాకీ బొమ్మ ఒకటి, నవ్వు బొమ్మ ఒకటి వచ్చాయి. అంతా సవ్యంగానే ఉంది. కాని టాంపినీస్ దాటేసరికి లోపల ఎక్కడో సన్నగా ఒక ముల్లు కదిలింది. తను కుడి కనుబొమ్మ ఎత్తాడు. నలుగురిలో ఒక్కరూ గమనించలేదు.

శనివారం మెషిన్ తిరిగివ్వడానికి యీషున్ వెళ్లాడు. తారాదేవి సినిమా చూపించనిదే సంచీ పుచ్చుకోనంది. ముప్పై ఏడు నిమిషాలూ చింతపండు గింజలు తీస్తూ కదలకుండా చూసి, వరస రాగానే చేయి ఆపింది.

"ఇంతేనా?" అంది. తర్వాత తెరకి దగ్గరగా వంగి, "ఆ కనుబొమ్మకేమైంది, ఏమన్నా కుట్టిందా?"

గురునాథం ఆ ప్రశ్నకి ఎంత సంతోషించాడో ఆవిడకి అర్థం కాలేదు. సంచీలోంచి ఖాతా ఫారం తీసి ఆవిడ ముందు పెట్టాడు. తారాదేవి కళ్లజోడు పెట్టుకుని, పేరు రాసి, తేదీ గడి దగ్గర కలం ఆపింది.

"నిజంగా పుట్టింది రాయనా, హెడ్మాస్టరు పుట్టించింది రాయనా?"

"హెడ్మాస్టరుదే రాయండి ఆంటీ."

"మళ్లీ దొంగనవుతాను కదా?"

"అవుతారు," అన్నాడు గురునాథం. "సోమవారం పదింటికి చాందిని అని ఒకమ్మాయి ఫోన్ చేసి, మీరేం చేశారని అడుగుతుంది. ఏమీ చేయలేదని చెప్పండి. సార్ అనక్కర్లేదు."